తప్పిపోయిన కుక్క వెంట పరుగెత్తకండి
టపాసుల మోతకు బెదిరి పారిపోయిన కుక్క ఒక్కోసారి యజమాని గొంతు విన్నా ఆగదు. పదిమంది వెంటపడితే ఇంకా దూరం పోతుంది. అందుకే పోస్టర్‌లో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో "తరమకండి, ఫొటో తీసి ఫోన్ చేయండి" అని రాయండి. ఒంటి మీది గుర్తు ఒకటి మాత్రం రాయకుండా ఉంచుకోండి. దొరికిందంటూ డబ్బులడిగేవాళ్లను దాని గురించి అడిగితే నిజం తేలిపోతుంది.

వాట్సాప్ గ్రూపుల కన్నా ముందు, తెల్లవారుజామున 4 నుంచి 6 మధ్య తిరిగే పాలవాళ్లకు, పేపరు కుర్రాళ్లకు, వీధులూడ్చేవాళ్లకు, వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్లకు ఫొటో ఇవ్వండి. మున్సిపాలిటీ కుక్కల కేంద్రానికి ఫోన్ చేసి ఊరుకోకుండా స్వయంగా వెళ్లి ఒక్కో బోనూ చూడండి.

కనబడితే పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, కళ్లలోకి చూడకుండా, ఉడికించిన చికెన్ ముక్కలు దగ్గర దగ్గరగా వేయండి. చేతికందాక ముందు మెడకు తాడు తగిలించండి. తల నిమరబోతే ఉలిక్కిపడి మళ్లీ పరుగు తీయవచ్చు.