షడ్రుచుల్లో నాలుకకు తెలిసేవి ఎన్ని? ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

ఉగాది పచ్చడి నోట్లో వేసుకోగానే ఆరు రుచులూ నాలుకకే తెలుస్తున్నాయని మనం అనుకుంటాం. నిజానికి వాటిలో తీపి, పులుపు, ఉప్పు, చేదు మాత్రమే రుచి మొగ్గలు పట్టుకుంటాయి. కారం, వగరు ప్రధానంగా స్పర్శకు చెందినవి. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా గుర్తించిన ఉమామిని (మాంసపు రసం, పుట్టగొడుగుల వంటి వాటిలోని కమ్మటి రుచిని) కలిపితే నాలుక అసలు రుచులు ఐదవుతాయి. మిగిలిన పనిని ముక్కు, చర్మం ఎలా పంచుకుంటాయో వంటింటి వస్తువులతోనే తేల్చుకోవచ్చు.

జలుబు లేని రోజును ఎంచుకోండి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, వక్కపొడి వంటివి తీసుకోకండి. ఒక్కో పరీక్ష తరువాత నీళ్లతో నోరు పుక్కిలించండి.

మొదట శుభ్రమైన పొడిగుడ్డతో నాలుకను బాగా తుడిచి, దానిపై నాలుగు పంచదార పలుకులు వేసుకోండి. పలుకుల గరుకుదనం వెంటనే తెలుస్తుంది గాని, లాలాజలం ఊరి అవి కరిగేవరకు తీపి తెలియదు, ఎందుకంటే కరిగిన పదార్థం మాత్రమే రుచి మొగ్గల సూక్ష్మ రంధ్రాల్లోకి చేరగలదు. అదే పంచదారను నాలుక అంచున, వెనుక భాగాన కూడా పెట్టి చూడండి. తీపి కొనకే, చేదు వెనుకకే తెలుస్తుందని చూపే నాలుక పటం తప్పని మీకే అర్థమవుతుంది. పిల్లలకు దానిని ఇకనైనా నేర్పకుండా ఉంటే మంచిది.

అన్నిటికంటే శ్రద్ధగా చేయవలసినది ముక్కు పరీక్ష. మెత్తగా తరిగిన బెల్లంలో చిటికెడు యాలకుల పొడి కలిపి, ముక్కును వేళ్లతో గట్టిగా మూసి, కళ్లు కూడా మూసుకొని, ఆ ముద్దను నోట్లో వేసుకొని నెమ్మదిగా నమలండి. తీపి వస్తుంది, పొడి పలుకులు పంటికి తగులుతాయి, కాని యాలకుల జాడ దాదాపు ఉండదు. పది సెకన్ల తరువాత ముక్కు వదిలి, గాలిని ముక్కులోంచి బయటికి విడవండి. ఆ క్షణంలో యాలకుల పరిమళం నోటి నిండా విచ్చుకున్నట్లనిపిస్తుంది. నమిలేటప్పుడు వెలువడే వాసన అణువులు గొంతు వెనుక నుంచి ముక్కు పైభాగానికి చేరతాయి. ముక్కు మూస్తే గాలి కదలక ఆ దారి నిలిచిపోతుంది. అక్కడ సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు ఉంటాయి. ఇటువంటి గ్రాహకాల జన్యు కుటుంబాన్ని 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. జలుబు చేసినప్పుడు "నోటికి రుచి తెలియడం లేదు" అని మనం అంటాం గాని, చాలాసార్లు లోపం ముక్కుదే.

ఇప్పుడు ముక్కు మూసుకొనే పచ్చిమిరప ముక్కను నాలుక కొనకు తాకించండి. వాసన లేకపోయినా మంట తగ్గదు. మిరపలోని క్యాప్సైసిన్, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే నాడీ గ్రాహకాన్నే తెరుస్తుంది కాబట్టి మెదడు దానిని కాలినట్టే గ్రహిస్తుంది. దీనిని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్, స్పర్శ గ్రాహకాలపై పనిచేసిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి 2021లో నోబెల్ అందుకున్నారు. మంట తగ్గడానికి నీళ్ల కంటే పాలు మేలు. ఈ పరీక్షను పిల్లలతో చేయించవద్దు; చేతులు సబ్బుతో కడుక్కునేవరకు కంటిని తాకవద్దు.

వగరుకు జామ పిందె చాలు. అందులోని ట్యానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లతో అతుక్కొని జారుడుతనాన్ని పోగొడతాయి. నాలుకను అంగిలికి రాస్తే ఆ గరుకు స్పష్టంగా తెలుస్తుంది.

చివరగా చర్మం. జడపిన్ను రెండు కొనలను 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, కళ్లు మూసుకొన్న వ్యక్తి చూపుడువేలి కొనపై సున్నితంగా ఆనించండి. రెండు కొనలూ విడివిడిగా తెలుస్తాయి. అదే పిన్నును ముంజేతిపై ఆనిస్తే సాధారణంగా ఒక్కటే అనిపిస్తుంది, ఎందుకంటే వేలికొనల్లో స్పర్శ గ్రాహకాలు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి.

ముక్కు మూసినా వదిలినా యాలకుల పరీక్షలో తేడా తెలియనివారు, జలుబు తగ్గినా రెండు వారాలకు పైగా అలాగే ఉంటే చెవి ముక్కు గొంతు వైద్యుణ్ణి కలవాలి. వంటగ్యాస్ లీకయినా వారికి వాసన తెలియకపోవచ్చు కాబట్టి, అప్పటివరకు స్టౌ, రెగ్యులేటర్ కట్టే బాధ్యతను ఇంట్లో మరొకరు తీసుకోవాలి.