సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందు ఆ 48 అంకెలు దగ్గర పెట్టుకోండి

విశాఖలో మధురవాడ వైపు ఇంజనీరింగ్ చదివే ఒకబ్బాయి ల్యాప్‌టాప్ పోయిన వారం నా దగ్గరికొచ్చింది. విండోస్ 11 పక్కన ఉబుంటు అనే లినక్స్ వేసుకుందామని ఏదో వీడియో చూశాడు, అందులో చెప్పినట్టే బయోస్‌లోకెళ్ళి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల మెనూ) సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేరే స్టార్ట్ అయ్యేలా చూసే కాపలా) ఆఫ్ చేశాడు. నీలం స్క్రీన్ వచ్చి రికవరీ కీ (డిస్క్ తాళం తీసే 48 అంకెల నంబరు) కొట్టమంది. కంగారులో ఫ్రెండ్ మాట విని టీపీఎమ్ (ఆ తాళంచెవి దాచుకునే చిప్) క్లియర్ కూడా నొక్కేశాడు. కొన్నప్పుడు షాపు కుర్రాడే ఏదో మెయిల్ ఐడీ పెట్టి సెటప్ చేసిచ్చాడట, ఆ మెయిల్ ఏదో ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు. ప్రాజెక్టు కోడు, ఇంటర్న్‌షిప్ రిపోర్టు, వాళ్ళక్క పెళ్ళి ఫోటోలు అన్నీ లోపలే ఉన్నాయి, లోపలే ఉండిపోయాయి. తమాషా ఏంటంటే ఉబుంటు పెన్‌డ్రైవ్ అప్పటికింకా గుచ్చనే లేదు.

బ్యాకప్ తీసుకోండి, ఛార్జర్ పెట్టుకోండి లాంటివి అందరూ చెప్తారు, నేను చెప్పను. ఒక్కటే చెప్తా: రికవరీ కీ చేతిలో లేకుండా బయోస్‌లో ఏదీ మార్చొద్దు.

బూట్‌లోడర్ (ఆన్ చేయగానే విండోస్‌నో లినక్స్‌నో మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) పాడైతే డేటా పోదు. లినక్స్ బూట్‌లోడర్ గ్రబ్ పాడై గ్రబ్ రెస్క్యూ అని నల్ల స్క్రీన్ వచ్చినా ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి, ఓపికుంటే సాయంత్రానికి బాగుచేసుకోవచ్చు. బిట్‌లాకర్ అంటే డిస్క్ మొత్తానికీ విండోస్ వేసే తాళం, బయోస్‌లో మార్పు కనిపిస్తే ఎవరో గెలికారనుకుని కీ అడుగుతుంది. ఆ తాళం పడి కీ లేకపోతే మాత్రం ద్వారకానగర్ షాపులన్నీ తిరిగినా లాభం లేదు, మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కి ఫోన్ చేసినా పోయిన కీని వాళ్ళు తిరిగి తయారుచేసి ఇవ్వలేరు.

"నాది హోమ్ ఎడిషన్, అందులో బిట్‌లాకర్ ఉండదు" అనేవాళ్ళే ఎక్కువ దెబ్బతింటున్నారు. హోమ్‌లో దాన్ని డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, పేరు వేరు గానీ తాళం అదే. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో అది తనంతట తానే ఆన్ అయిపోతుంది, మిమ్మల్ని అడగదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద చూడండి. ఆన్‌లో ఉంటే, ఆ ల్యాప్‌టాప్ ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ అయిందో దానిలోకి ఫోన్‌లోంచి లాగిన్ అవ్వండి. డివైసుల కింద రికవరీ కీ ఉంటుంది, ఆరేసి అంకెల ఎనిమిది గుంపులు, మొత్తం 48. పక్కనే కీ ఐడీ కూడా ఉంటుంది, అది కూడా రాసుకోండి, ఎందుకంటే పాత ల్యాప్‌టాప్ కీ కూడా అదే అకౌంట్‌లో ఉంటే ఏది దేనిదో తేల్చేది ఆ ఐడీయే. కాగితం మీదే రాయండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న మహానుభావుల్ని చూశాను, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసినట్టు. కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయినవాళ్ళకి కీ కాలేజీ అకౌంట్‌లో ఉంటుంది, పాసై బయటికొచ్చి ఆ మెయిల్ ఆగిపోకముందే తీసుకోండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, డ్యూయల్ బూట్‌లో (ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ) ఏ సమస్యకి వెతికినా మొదటి సలహా "సెక్యూర్ బూట్ ఆఫ్ చెయ్యి" అనే ఉంటుంది. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత ఎంతోమంది లినక్స్ బూట్ అవడం మానేసింది, "షిమ్ ఎస్‌బ్యాట్" ఎర్రర్ వచ్చి మెషీన్ ఆగిపోయేది. దానికి మందు కూడా సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి, లినక్స్‌లోంచి ఎస్‌బ్యాట్ పాలసీని, అంటే పాత బూట్‌లోడర్లని అడ్డుకునే జాబితాని, తొలగించి, రీస్టార్ట్ చేసి, మళ్ళీ ఆన్ చేయడమే. మందు మంచిదే, ముందు కీ ఉండాలి. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లకు 2026 జూన్ నుంచి ఒక్కొక్కటిగా గడువు తీరుతుంది, వాటి బదులు 2023 సర్టిఫికెట్లు వస్తాయి. దాంతో కొన్ని మెషీన్లకి బయోస్ అప్‌డేట్లూ వస్తాయి. బయోస్ మారినప్పుడల్లా ఆ నీలం స్క్రీన్ వచ్చే అవకాశం ఉంది. పైగా విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయాక, పక్కన లినక్స్ వేసుకుందామనేవాళ్ళు మన ఊళ్ళో కూడా పెరిగారు.

నీలం స్క్రీన్ వచ్చేసిందా? చివరగా బయోస్‌లో ఏం మార్చారో దాన్ని యథాతథంగా వెనక్కి పెట్టండి. సెక్యూర్ బూట్ ఒక్కటే మార్చి ఉంటే, తిరిగి ఆన్ చేయగానే చాలాసార్లు కీ అడక్కుండానే విండోస్ తెరుచుకుంటుంది. ఆ అబ్బాయికీ తెరుచుకునేదేమో, టీపీఎమ్ ముట్టుకోకపోతే.

ఇక మిగతావి, వరసేం లేదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

టీపీఎమ్ క్లియర్ నొక్కొద్దు. ఎవరు చెప్పినా సరే.

అప్‌డేట్ తర్వాత లినక్స్ మాయమైందా, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయొద్దు. యూఈఎఫ్‌ఐ (కొత్తతరం బయోస్) మెషీన్లలో రెండిటి బూట్‌లోడర్లూ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో బూట్ ఫైళ్ళకని ఉంచిన చిన్న భాగంలో, వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి, ఎక్కువసార్లు మారేది వరసే. బయోస్‌లో బూట్ ఆర్డర్ చూడండి.

ఆ ఈఎఫ్‌ఐ పార్టిషన్ వంద ఎంబీయో ఇంకాస్తో ఉంటుంది, డ్రైవ్ లెటర్ ఉండదు, పనికిరానిదానిలా కనిపిస్తుంది. డిలీట్ చేయొద్దు. లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాని పక్కన ఫార్మాట్ టిక్కు ఉంటే తీసేయండి.

లినక్స్ వద్దనుకుని విండోస్‌లోంచి దాని పార్టిషన్ తీసేస్తే గ్రబ్ రెస్క్యూ వస్తుంది. ఏడవద్దు. ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి, డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోండి, అయిపోయింది.

గ్రబ్ మెనూలో విండోస్ కనిపించకపోతే, గ్రబ్ 2.06 నుంచి ఓఎస్ ప్రోబర్ (డిస్క్‌లో వేరే ఓఎస్‌లు ఉన్నాయేమో వెతికేది) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, దాన్ని ఆన్ చేసి గ్రబ్ అప్‌డేట్ చేయండి. విండోస్ ఎక్కడికీ పోలేదు.

ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనిపించట్లేదని బయోస్‌లో వీఎమ్‌డీ తీసేసి ఏహెచ్‌సీఐ (రెండూ డిస్క్‌ని నడిపే పద్ధతులు) పెట్టేయొద్దు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌కి సెట్ చేసి తర్వాత మార్చాలి, లేకపోతే విండోస్ బూట్ కాదు. దానికీ కీ కావాలి.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంచేది) ఆఫ్ చేయండి.

బయోస్‌లో లెగసీ మోడ్ (పాతకాలపు బూట్ పద్ధతి) జోలికి పోవద్దు.

వాయుగుండం అన్న రోజు బయోస్ అప్‌డేట్ పెట్టుకోవద్దు, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌లో అయితే ఏ రోజూ వద్దు. మన ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో ఈపీడీసీఎల్ వాళ్ళకి కూడా తెలీదు.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటే, అమ్మినవాడి అకౌంట్ మీదే దాన్ని వాడుకుంటూ కూర్చోవద్దు. కీ వాడి దగ్గరుంటుంది.

కీ రాసుకున్నారా? రాసుకోకుండా ఇంతవరకూ చదివి ఉంటే ఇక్కడే ఆగి అది చేసి రండి.

షాపుకి ఇవ్వాల్సి వస్తే "ఫార్మాట్ చేయొద్దు, ఏం చేసినా ముందు ఫోన్ చేయండి" అని కాగితం మీద రాసి, కింద మీ నంబరేసి, ల్యాప్‌టాప్ మూత మీద టేపుతో అంటించి ఇవ్వండి. నోటితో చెప్తే కౌంటర్ దగ్గరే మర్చిపోతారు, లోపల రిపేర్ చేసే అతనిదాకా ఆ మాట వెళ్ళదు.