టెంపరేచర్ గన్ ఒకే నేలకు ఒక్కో పక్క నుంచి ఒక్కో అంకె చూపిస్తుంటే

ముందు ఒక మాట. నుదుటికి పెట్టే గన్ నేల వేడి కొలిచే పనికి వద్దు, దాని రేంజ్ 43 డిగ్రీల దగ్గర్లోనే ఆగిపోతుంది, అనంతపురం ఎర్ర నేల వేసవి మధ్యాహ్నం 50 దాటేస్తుంది.

సమస్య: పొద్దున్నే దున్నిన చేలో పడమరకు తిరిగి గన్ పడితే ఎక్కువ, అక్కడే తూర్పుకు తిరిగితే తక్కువ.

కారణం: గన్ బాగానే ఉంది, నేలే చదునుగా లేదు. ఎండ మీ వీపున ఉంటే మీకు కనిపించేవి మట్టిగడ్డల ఎండ తగిలే ముఖాలు, తూర్పుకు తిరిగితే వాటి నీడ పక్కలు, గన్ తన పరిధిలో పడిన వేడినంతా కలిపి ఒకే అంకె చేసి చెప్తుంది. సాళ్లు ఉత్తర దక్షిణాలుగా ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది. చంద్రుడి నేలదీ ఇదే కథ: పౌర్ణమి చంద్రుడి అంచుల నుంచి, నున్నటి గోళానికి లెక్క కట్టినదానికంటే ఎక్కువ వేడి వస్తోందని పెటిట్, నికల్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు 1930లోనే గమనించారు.

పరిష్కారం: ఎండ వెనక ఉన్నప్పుడు ఒకటి, ఎదురుగా ఉన్నప్పుడు ఒకటి, నిలువుగా కిందికి ఒకటి తీసి, టైమ్, దిక్కు పక్కనే రాసుకోండి. రెండు చేలను పోల్చాలంటే అన్నీ ఒకేలా ఉండాలి, లేకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

సమస్య: పాలిష్ పట్టిన కడప బండను ఏటవాలుగా చూస్తే రీడింగ్ తగ్గుతోంది, గరుకు బండకు అంత తగ్గడం లేదు.

కారణం: చాలా గన్‌లు ఎమిసివిటీని (వస్తువు తన వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె, గరిష్ఠం ఒకటి) 0.95 అనుకుని లెక్కేస్తాయి. నున్నటి రాయి ఏటవాలు చూపుకు అద్దంలా మారి, తన వేడికి బదులు చల్లటి ఆకాశాన్ని కొంత చూపిస్తుంది. గరుకు రాతి గుంటల్లో మాత్రం వేడి గోడ నుంచి గోడకు తగిలి బయటికొస్తుంది కాబట్టి ఎమిసివిటీ ఒకటికి దగ్గరవుతుంది. ఎమిసివిటీ 0.05 తప్పితే 60 డిగ్రీల దగ్గర మూడు నాలుగు డిగ్రీలు తేడా రావచ్చు.

పరిష్కారం: నిలువుగా చూడండి. నీడలో ఉన్న బండ మీద నల్ల ఇన్సులేషన్ టేప్ అతికించి, కాసేపాగి టేప్‌ను 0.95 సెట్టింగ్ మీద, తర్వాత పక్క రాయిని కొలవండి. రాయి అంకె టేప్ అంకెతో కలిసేదాకా ఎమిసివిటీ సెట్టింగ్ మార్చండి.

సమస్య: గండికోటలో రాత్రి బండల పైభాగం చల్లబడినా సందుల్లో వేడి పోలేదు.

కారణం: ఇది కొలతలో తప్పు కాదు. పైభాగానికి ఆకాశమంతా తెరిచి ఉంటుంది, సందుకు ఎదురుగా ఇంకో వేడి రాయే ఉంటుంది.

పరిష్కారం: సరిచేయాల్సిందేమీ లేదు, రెండూ విడివిడిగా రాసుకోండి. దూరం మాత్రం చూసుకోవాలి: 12:1 (దూరానికి, కొలిచే వెడల్పుకు ఉన్న నిష్పత్తి) గన్‌తో పన్నెండు అడుగుల దూరం నుంచి కొడితే అది అడుగు వెడల్పును కొలుస్తుంది, సందు అంతకంటే సన్నగా ఉంటే దగ్గరికి వెళ్లాల్సిందే.