పుర్రె అడుగున గడ్డా? ముక్క తీయించే ముందు ఇవి చూసుకోండి

మా బావగారికి పుర్రె అడుగున గడ్డ ఉందనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్, "వెంటనే ముక్క తీయించండి" అని చెప్పేవాళ్ళే అందరూ (అంటే బయాప్సీ, పరీక్ష కోసం గడ్డలోంచి చిన్న ముక్క తీయడం). ఆగండి. ముందు సీటీ, ఎమ్మారై రెండూ చేయించి సీడీలు అడిగి తీసుకోండి, రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు. కొన్ని గడ్డలు స్కాన్‌లోనే పట్టుబడతాయి: ఫైబ్రస్ డిస్ప్లేసియా (ఎముకలో పీచులాంటి కణజాలం పెరిగే, క్యాన్సర్ కాని జబ్బు) అయితే సీటీలో ఎముక గరుకు గాజులా మసగ్గా కనిపిస్తుంది. టీనేజీ అబ్బాయికి పదేపదే ముక్కులోంచి రక్తం కారుతుంటే ఆంజియోఫైబ్రోమా (రక్తనాళాలు బాగా ఎక్కువగా ఉండే గడ్డ) కావచ్చు, దాన్ని ఓపీలో గిల్లితే రక్తం ఆపడం కష్టం, అందుకే మామూలుగా ముక్క తీయరు.

తీయాల్సి వస్తే చాలాసార్లు ముక్కులోంచే, ఎండోస్కోపుతో. ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. ఇంటికొచ్చాక వంగినప్పుడు ముక్కులోంచి నీళ్ళలా, ఉప్పగా చుక్కలు పడితే అది జలుబు కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, వెంటనే డాక్టరుకి చూపించాలి.

అరుదైన గడ్డయితే రెండో పెథాలజిస్టుకీ (ముక్కని మైక్రోస్కోపులో చూసి జబ్బేదో చెప్పే డాక్టరు) చూపించండి, వైజాగ్‌లో కేజీహెచ్‌కి వెళ్ళినా అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినా స్లైడులతో (ముక్క పల్చటి పొర అంటించిన గాజు పలకలు) పాటు బ్లాకులూ పట్టుకెళ్ళండి. బ్లాకంటే ప్లాస్టిక్ డబ్బీ మీద, తీసిన ముక్కని పొదిగిన చిన్న మైనపు దిమ్మ, అంతే. వైజాగ్ మే ఎండలో బండి డిక్కీలో మాత్రం వదిలేయకండి.