గుట్ట మీది రాకాసి గుడిని గుర్తించి కాపాడుకోవడం ఎలా

హైదరాబాద్ శివారు గుట్టల మీద పెద్ద బండరాళ్లు వలయంగా నిలిచి, నడుమ చిన్న రాళ్ల కుప్ప కనిపిస్తే, అది రెండు మూడు వేల ఏళ్ల నాటి ఇనుపయుగపు సమాధి కావచ్చు. ఊళ్లలో వీటిని రాకాసి గుళ్లంటారు. మౌలాలిలోను, గచ్చిబౌలి వైపున్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోను ఇటువంటి సమాధులను పురావస్తువేత్తలు తవ్వి చూశారు.

మన దగ్గర గ్రానైట్ గుండ్లకు కొదవ లేదు కనుక, అవి వాటంతటవే దొర్లిపడినవా, మనుషులు పేర్చినవా అన్నది ముందు తేల్చుకోవాలి. పేర్చిన గుండ్లు సుమారుగా ఒకే పరిమాణంలో ఉండి, సగం నేలలో దిగబడి ఉంటాయి. నడుమ భాగం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. దాని కింద చాలాచోట్ల రాతిపలకల పెట్టె, అందులో ఎముకలు, ఇనుప పనిముట్లు, కుండలు ఉంటాయి. వాన వెలిసిన మరునాడు వాలులో పడిన గండిని జాగ్రత్తగా చూస్తే, లోపలి వైపూ అంచూ నల్లగా, వెలుపల ఎర్రగా ఉన్న కుండ పెంకు ఒక్కోసారి తేలుతుంది. దానిని తీయకుండా, పక్కన 10 రూపాయల నాణెం పెట్టి ఫొటో తీయాలి. నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు కాబట్టి కొలతకు పనికొస్తుంది. పెంకు ఎక్కడ పడి ఉందన్నదే ఆధారం, జేబులో వేసుకున్నాక అది ఒట్టి పెంకే.

తరువాత వలయాన్ని రెండు దిక్కులా టేపుతో కొలిచి, గుండ్లను లెక్కపెట్టి, ఉత్తర దిక్కు గుర్తించిన పటం గీసి, ఫోనులో అక్షాంశ రేఖాంశాలు రాసుకోవాలి. పహాణీ చూసి సర్వే నంబరు తెలుసుకుని, తహసీల్దారుకు, హెరిటేజ్ తెలంగాణ శాఖకు వినతిపత్రం ఇచ్చి, ముట్టినట్లు ముద్ర వేయించుకోవాలి. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉన్నా, రక్షిత కట్టడంగా ప్రకటించేదాకా దాని అండ పూర్తిగా దొరకదు. అందుకే గ్రామపంచాయతీ తీర్మానం కూడా అడగండి. ఈ పని వాయిదా వేయకూడదు. మేము ఒక శనివారం చూసిన వలయం గురించి సోమవారం అర్జీ ఇద్దామనుకున్నాం; ఆదివారమే మొరం కోసం వచ్చిన జేసీబీ దానిని చదును చేసింది.

అత్యుత్సాహమూ చెరుపే. గుండ్లకు సున్నం వేయడం, సందుల్లో సిమెంటు కూరడం, వలయంలో మొక్కలు నాటడం వద్దు. వేళ్లు లోపలి పలకలను పగలదీస్తాయి. రాతిని ఆనించి మంట పెడితే గ్రానైట్ పొరలుగా ఊడుతుంది. గుప్తనిధుల వేటగాళ్లు వస్తారు కనుక చోటు గుర్తును సోషల్ మీడియాలో పెట్టకండి. నేలలో దాగి దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతున్నదని ఊరివారికి ముందే చెప్పి ఉంచండి.

ఏటా వానాకాలం ముగిశాక అదే చోట నిలబడి, అదే కోణంలో ఫొటో తీసి, పాతదానితో పోల్చి చూడండి. ఒక్క గుండు కదిలినా మళ్లీ అర్జీ పెట్టండి.