కాలేజీ మెయిల్ ఐడీని వాడే పద్ధతి

కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీని సొంత ఉత్తరాల పెట్టెలా కాదు, ఆఫీసు ఫైలులా చూడాలి. ఈరోజు అందులో రాసిన నాలుగు ముక్కలను రెండేళ్ల తర్వాత మీకు ముఖపరిచయం కూడా లేని ఉద్యోగి తెరిచి చదవాల్సి రావచ్చు. మార్కుల మీద అభ్యంతరం వచ్చినా, ఫీజు కట్టారా లేదా అన్న పేచీ వచ్చినా వెతికేది అక్కడే.

హాజరు, పరీక్షలు, ఫీజు, సెలవు, ప్రాజెక్టు గైడుతో సంప్రదింపులు అన్నీ ఈ ఐడీ నుంచే నడపాలి. సొంత జీమెయిల్ నుంచి "నేను ఫలానా రోల్ నంబరు విద్యార్థిని" అని రాస్తే ఆఫీసు నమ్మడానికి ఆధారం ఉండదు, ఎవరి పేరుతో ఎవరైనా ఐడీ తెరవచ్చు కాబట్టి. బ్యాంకు, షాపింగ్, సోషల్ మీడియా ఖాతాలకు మాత్రం కాలేజీ ఐడీ ఇవ్వొద్దు. చదువు ముగిశాక అది మూతపడితే, ఆ ఖాతాల పాస్‌వర్డ్ మార్చుకునే మెయిల్ తెరవలేని పెట్టెలోకి పోతుంది.

ఐడీ చేతికి రాగానే రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ ద్వారా కూడా మీరేనని రుజువు అడిగే ఏర్పాటు, పెట్టుకోండి. ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి గూగుల్ ఖాతా అయితే ఒక్కోటి ఒక్కసారే పనిచేసే 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని ప్రింటు తీసి ఇంట్లో దాచండి, ఫోన్‌లో ఫొటోగా కాదు. ఫోన్ పోయిన రోజే కదా వాటి అవసరం పడేది.

ఇక రాయడం. సబ్జెక్ట్ లైన్‌లో "సార్", "రిక్వెస్ట్", "అర్జెంట్" అని పెట్టిన మెయిల్ రోజుకు వంద వచ్చే పెట్టెలో గడ్డివాములో సూదే. పని, సెమిస్టర్, సెక్షన్, రోల్ నంబరు అక్కడే కనిపించాలి: "రెండో సెమిస్టర్ ఫిజిక్స్ ఇంటర్నల్ మార్కుల్లో తేడా, సెక్షన్ బి, రోల్ నంబరు 41". ఫోన్ తెరమీద మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి కాబట్టి పని పేరు ముందు రావాలి. ఒక మెయిల్‌లో ఒకే సంగతి రాయండి. మార్కుల తేడా, బస్ పాస్, హాస్టల్ గది మూడూ కలిపి రాస్తే మొదటిదానికి జవాబిచ్చి "అయిపోయింది" అని పక్కన పెడతారు. ఆర్నెల్ల కిందటి పాత మెయిల్‌కు రిప్లై కొట్టి కొత్త సంగతి మొదలుపెట్టడమూ ఇలాంటి పొరపాటే, అది పాత వరుసలో కలిసిపోతుంది.

లోపల రాసేది ఇంతకు మించక్కర్లేదు:

"గౌరవనీయులైన మేడమ్ గారికి, ఫిజిక్స్ రెండో ఇంటర్నల్ పరీక్షలో దిద్దిన పేపరు మీద 18 మార్కులు ఉన్నాయి, పోర్టల్‌లో 13 అని చూపిస్తోంది. పేపరు మొదటి పేజీ స్కాన్ కాపీ జత చేశాను. మార్కులు ఖరారు చేసే గడువు శుక్రవారం కాబట్టి ఆలోపు సరిచేయవలసిందిగా కోరుతున్నాను. భవదీయ," కింద పేరు, రోల్ నంబరు, సెక్షన్.

ఏం జరిగింది, ఆధారం ఏది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి. నాలుగూ ఉంటే చదివినవాళ్లు తిరిగి ప్రశ్న వేయాల్సిన పనుండదు. తెలుగులో రాస్తే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే రాయండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన మెయిల్ ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది.

కాలేజీల్లో ఎక్కువ నష్టం చేసేది సీసీకి, బీసీసీకి తేడా మరచిపోవడం. పని చేయాల్సినవాళ్లు "టు"లో, తెలిసి ఉండాల్సినవాళ్లు సీసీలో ఉండాలి. బీసీసీలో ఉన్నవాళ్లు మిగతావాళ్లకు కనబడరు. అరవై మంది విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు ఒకే మెయిల్ పంపాలంటే అందరినీ బీసీసీలో పెట్టి "టు"లో మీ ఐడీయే వేసుకోండి. లేకపోతే అందరి ఐడీలూ అందరి చేతికీ చేరతాయి. క్లాసు మొత్తం మార్కుల షీటును అందరికీ పంపడం అంతకంటే పెద్ద తప్పు, ఎవరి మార్కులు వాళ్లకే వెళ్లాలి. ఎక్సెల్ షీటులో కాలమ్‌ను హైడ్ చేసి పంపితే చాలదు. తెరిచినవాళ్లు అన్‌హైడ్ నొక్కితే అంతా బయటపడుతుంది. అక్కర్లేని కాలమ్‌లు తీసేసి, పీడీఎఫ్ చేసి పంపాలి.

పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే వీలు చాలా తక్కువ. జీమెయిల్‌లో "అన్‌డూ సెండ్" మామూలుగా 5 సెకన్లే ఉంటుంది, సెట్టింగ్స్‌లో 30 సెకన్ల వరకు పెంచుకోవచ్చు. ఇప్పుడే పెంచుకోండి. చిరునామాలను చివర నింపే అలవాటు ఉంటే ఆ 30 సెకన్ల అవసరమే రాదు.

జీమెయిల్‌లో జతపరిచే ఫైళ్ల పరిమితి 25 ఎంబీ. అయితే 22 ఎంబీ ఫైలు కూడా అవతలివాళ్ల దగ్గర తిరగగొట్టబడవచ్చు. ఫైలును మెయిల్‌లోకి ఎక్కించేటప్పుడు ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి, సైజు మూడో వంతు పెరుగుతుంది. కాబట్టి 18 ఎంబీ దాటితే డ్రైవ్ లింకు పంపడం మేలు. లింకు పంపేముందు "ఎవరు చూడవచ్చు" అన్నది సరిచూడండి. "నేను మాత్రమే" అని వదిలేస్తే అరవై మంది నుంచి అనుమతి అడిగే మెయిళ్లు వస్తాయి, "లింకు ఉన్న ఎవరైనా" అని పెడితే అది ఊరంతా తిరుగుతుంది. ఫైలు పేరు "స్కాన్ 003" అని కాక రోల్ నంబరుతో మొదలుకావాలి.

గ్రూప్ ఐడీకి వచ్చిన నోటీసుకు "థాంక్యూ సార్" అని రిప్లై ఆల్ కొడితే ఐదొందల ఫోన్లు మోగుతాయి, ఆ మోత చూసి ఇంకో ఇరవై మంది "నన్ను తీసేయండి" అని మళ్లీ రిప్లై ఆల్ కొడతారు. ఇది విద్యార్థుల తప్పు కంటే గ్రూపు పెట్టినవాళ్ల తప్పే. నోటీసుల గ్రూపులో పోస్టు చేసే హక్కు ఒకరిద్దరికే ఇచ్చి, జవాబులు పంపినవారికి మాత్రమే వెళ్లేలా సెట్ చేస్తే సరిపోతుంది.

మోసపు మెయిళ్లలో కనబడే పేరును నమ్మొద్దు, అది ఎవరైనా పెట్టుకోవచ్చు. @ గుర్తు తర్వాతి భాగాన్ని అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లిష్ ఎల్ అక్షరం బదులు 1 అంకె, ఎమ్ బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టి ఏమారుస్తారు. లింకు మీద మౌస్ ఆనించి, ఫోన్‌లో అయితే వేలు కాసేపు నొక్కి ఉంచి, అసలు చిరునామా చూడాలి. "మీ మెయిల్ బాక్స్ నిండింది, ఈ రాత్రికల్లా లాగిన్ కాకపోతే మూసేస్తాం", "మీటింగ్‌లో ఉన్నాను, గిఫ్ట్ కార్డు కొని కోడ్ పంపు" అనేవి తరచూ వచ్చే రెండు రకాలు. పాస్‌వర్డ్ కొట్టేశాక అనుమానం వస్తే వెంటనే దాన్ని మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసి, సెట్టింగ్స్‌లో మీ మెయిళ్లను వేరే ఐడీకి పంపే కొత్త ఫార్వర్డింగ్ లేదా ఫిల్టర్ చేరిందేమో చూడండి. పాస్‌వర్డ్ మార్చినా ఫార్వర్డింగ్ అలాగే నడుస్తూ ఉంటుంది, చాలామంది మరిచేది ఇదే. ఆపైన కాలేజీ మెయిల్ ఖాతాలు చూసే అడ్మిన్‌కు చెప్పండి.

పరీక్షల విభాగం, అడ్మిషన్లు వంటి పదవి ఐడీల పాస్‌వర్డ్‌ను నలుగురు పంచుకుంటే ఏ మెయిల్ ఎవరు పంపారో తేలదు. పాస్‌వర్డ్ చెప్పకుండానే పెట్టె తెరిచే అనుమతి (డెలిగేషన్) ఇస్తే ఒక్కొక్కరు తమ సొంత లాగిన్‌తోనే ఆ పెట్టె తెరవచ్చు, మనిషి మారినప్పుడు ఆ ఒక్కరి అనుమతి తీసేస్తే చాలు. రికవరీ ఫోన్ నంబరు కూడా ఒక గుమాస్తా సొంత నంబరై ఉండకూడదు. ఆయన బదిలీ అయిన మర్నాడే ఆ సంగతి తెలిసొస్తుంది.

కాలేజీ మెయిళ్లను సొంత ఐడీకి ఆటో ఫార్వర్డ్ పెట్టడం సులువుగా కనిపిస్తుంది కానీ జవాబులు సొంత ఐడీ నుంచి వెళ్లిపోతాయి, పైగా ఫార్వర్డ్ అయినవి పంపిన చిరునామా అసలుదేనా అన్న తనిఖీలో తప్పి స్పామ్‌లో పడవచ్చు. ఫోన్‌లో రెండో ఖాతాగా చేర్చుకుంటే ఈ తిప్పలు ఉండవు.

కాలేజీ వదిలి వెళ్లిపోయే ముందు కనీసం రెండు నెలల వ్యవధి పెట్టుకోండి. ఈ ఐడీతో తెరిచిన ఖాతాలన్నీ సొంత ఐడీకి మార్చాలి. కాలేజీ అనుమతిస్తే ఖాతాలోని సమాచారం దించుకునే గూగుల్ టేకౌట్ సదుపాయంతో కావలసిన మెయిళ్లు దించుకోవచ్చు. ఉద్యోగులైతే డ్రైవ్‌లో తమ పేర ఉన్న ఉమ్మడి ఫైళ్ల యాజమాన్యం తర్వాత వచ్చేవారికి బదలాయించాలి. ఖాతాతో పాటు ఆ ఫైళ్లు కూడా పోయే ప్రమాదం ఉంది.