పాత మస్టాంగ్ కన్వర్టిబుల్, పాఠం 6: కిందికి పోయే పెడల్ వేరు, మెత్తబడ్డ పెడల్ వేరు

క్రితం పాఠంలో 1965–66 మస్టాంగ్ వీ8 కన్వర్టిబుల్‌కి ముందు చక్రాల బ్రేకు డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టాం. పెడల్ తొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ని లైన్లలోకి నెట్టే మాస్టర్ సిలిండర్ ఒకే గదిది ఉంటే, దాని బదులు రెండు గదులది బిగించాం. ఇవాళ ప్రపోర్షనింగ్ వాల్వ్, అంటే వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే వాల్వ్, సర్దడం నేర్పాలి. కానీ చాలామంది అంతకుముందే ఆగిపోయారు. బ్రేకు పెడల్ దాదాపు నేల దాకా వెళ్తోందట, లీటర్ల కొద్దీ ఫ్లూయిడ్ పోసి గాలి తీసినా మార్పు లేదట. ఆ బండిని రోడ్డు మీదికి తీసుకెళ్లి వాల్వ్ సర్దడం ప్రమాదం. అందుకని ముందు పెడల్ సంగతి తేల్చుకుందాం.

గాలి తీయడం ఆపేసి, బండి కదలకుండా ఉన్నప్పుడు పెడల్‌ని త్వరత్వరగా మూడుసార్లు తొక్కండి. పెడల్ పైకి లేచి రాయిలా గట్టిపడితే లైన్లలో గాలి లేదు. డ్రమ్ము లోపల ఒత్తుకునే షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువుంది, లేదా పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని నెట్టే పుష్‌రాడ్ పొట్టిగా ఉంది. పైకి లేచినా స్ప్రింగులా ఊగుతుంటే గాలి ఉన్నట్టే. అదిమిపట్టి ఉంచితే మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోంది. బయట తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు పోయాయి.

అనుమానం ఇంకా తీరకపోతే మాస్టర్ సిలిండర్ నుంచి బయటికి వెళ్లే రెండు లైన్లూ విప్పి, ఆ రంధ్రాలకు ఇత్తడి ప్లగ్గులు బిగించండి. ఇప్పుడు పెడల్ పైనే ఆగి గట్టిగా ఉండాలి. లేకపోతే తప్పు సిలిండర్‌దే, బెంచి మీద పెట్టి గాలి తీయకుండానే బిగించి ఉంటారు. గట్టిగా ఉంటే ముందు లైన్ మాత్రం కలిపి తొక్కండి, తర్వాత వెనక లైన్ కలపండి. పెడల్ ఎప్పుడు దిగిందో తప్పు అటువైపే. ఈ పరీక్ష అరగంట పని. ఎక్కువ బండ్లలో వెనక లైన్ కలిపినప్పుడే పెడల్ దిగుతుంది.

కొత్తగా పెట్టింది ముందు డిస్కులు కదా అని అందరూ అక్కడే వెతుకుతారు. డిస్కుకి ప్యాడ్ ఎప్పుడూ ఆనుకునే ఉంటుంది, సర్దే పని లేదు. వెనక డ్రమ్ములు అలా కాదు. షూలు రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి ఉంటే చాలు, పెడల్ ప్రయాణమంతా ఆ సందు పూడ్చడానికే ఖర్చవుతుంది. దాన్ని బ్లీడర్ (గాలి తీసే స్క్రూ) తిప్పి బాగుచేయలేరు.

"అవి ఆటోమేటిక్‌గా సర్దుకుంటాయి కదా" అనే మాట ఒకటి ఉంది. ఆ నమ్మకంతో ఎంతమంది వారాలు పోగొట్టుకుంటున్నారో చూస్తే బాధేస్తుంది. ఈ బండిలో సర్దుడు జరిగేది వెనక్కి వెళ్తూ బ్రేకు తొక్కినప్పుడే. ముందుకి ఎన్ని మైళ్లు తిరిగినా, షూలను దూరం జరిపే అడ్జస్టర్ స్క్రూ మీది పళ్ల చక్రం (నక్షత్ర చక్రం) ఒక్క పన్ను కూడా కదలదు. పైగా చిన్న సందునే అది సర్దగలదు. కొత్త షూలు వేసినప్పుడు మొదటి సర్దుడు చేత్తోనే చేయాలి.

ఇంకో తప్పు ఇంతకన్నా చెడ్డది. అడ్జస్టర్ స్క్రూలు రెండువైపులా ఒకటి కావు, వాటి మరలు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉంటాయి. వాటి మీద ఎల్, ఆర్ అని కొట్టి ఉంటుంది. తుప్పు పట్టిన చోట ఆ అక్షరం కనబడదు. అటుది ఇటు పెడితే, వెనక్కి వెళ్తూ బ్రేకు తొక్కిన ప్రతిసారీ షూలు డ్రమ్ముకి దగ్గరవ్వాల్సింది పోయి దూరం జరుగుతాయి. సోమవారం బాగున్న పెడల్ శనివారానికి నేల పట్టిందంటే ముందు ఇదే చూడండి. డ్రమ్ము మూసేముందు అడ్జస్టర్ కేబుల్‌ని చేత్తో లాగి వదలండి. నక్షత్ర చక్రం తిరిగి స్క్రూ పొడవు పెరగాలి. పొట్టిదవుతుంటే వైపు మారింది. షూలు కూడా చూడండి: లైనింగ్ పొట్టిగా ఉన్నది బండి ముందువైపుకి, పొడుగ్గా ఉన్నది వెనకవైపుకి.

ఇప్పుడు సర్దుడు. బండిని వెనకవైపు ఎత్తి, ఇరుసు గొట్టం కింద స్టాండ్లు పెట్టండి. అప్పుడు బరువు ఎప్పటిలా స్ప్రింగుల మీదే ఉంటుంది. కన్వర్టిబుల్‌కి పైకప్పు బలం లేదు. నడిమధ్య, తలుపుల కిందుండే రాకర్ అంచు కింద జాకీ పెడితే బాడీ వంగి తలుపులు పట్టేస్తాయి, మిషిగన్ లాంటి ఉప్పు రోడ్ల మీద తిరిగి అడుగు తుప్పుపట్టిన బండి అయితే మరీను. హ్యాండ్ బ్రేక్ కేబుల్ పూర్తిగా వదులు చేయండి. అది బిగువుగా ఉంటే షూలు పైనున్న యాంకర్ పిన్ను మీద కూర్చోవు, తర్వాత మీరు చేసే సర్దుడంతా వృథా. వెనక ప్లేటు సందులోంచి నక్షత్ర చక్రాన్ని తిప్పుతూ బండి చక్రం చేత్తో కదలనంత బిగించండి. పెడల్ ఒకసారి గట్టిగా తొక్కితే షూలు మధ్యకు చేరతాయి. చక్రం కదిలితే మళ్లీ బిగించండి. తర్వాత సన్న స్క్రూడ్రైవర్‌తో నక్షత్ర చక్రాన్ని ఆపే లీవర్‌ని పక్కకి నెట్టి, బండి చక్రం తిరుగుతూ కాస్త రాసుకునేంత వరకే వదులు చేయండి. రెండోవైపు కూడా అంతే రాపిడి రావాలి. హ్యాండ్ బ్రేక్ బిగించడం ఆఖరున.

కొందరికి ఇబ్బంది దీనికి వ్యతిరేకం: బండి వేడెక్కాక ముందు చక్రాలు పట్టేస్తున్నాయి. బ్లీడర్ కాస్త విప్పితే ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వదిలిందా? అయితే లైన్లో ఒత్తిడి చిక్కుకుంది. డిస్కులకు వెళ్లే రంధ్రంలో డ్రమ్ముల కోసం పెట్టిన, లైన్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వ్ ఉండిపోయి ఉండొచ్చు, లేదా పుష్‌రాడ్ పొడుగై పిస్టన్‌ని పూర్తిగా వెనక్కి రానివ్వకపోవచ్చు. రాడ్‌కి మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. బ్లీడర్ విప్పినా చక్రం వదలకపోతే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి అదిమే భాగం) జారే పిన్నులు, పిస్టన్ చూడండి. ఫ్లూయిడ్ విషయంలో నా ఓటు డాట్ 4కే. పెయింట్ పాడవదని డాట్ 5 సిలికాన్ పోసేవాళ్లున్నారు. అది మిగతావాటితో కలవదు, సన్న బుడగలు వదలదు, నాకు నచ్చదు.

ఇక ప్రపోర్షనింగ్ వాల్వ్. ఇది వెనక లైన్లో మాత్రమే ఉండాలి. పెడల్ ఎత్తుకీ దీనికీ సంబంధం లేదు. కొన్న కిట్‌లో కాంబినేషన్ వాల్వ్ ఉంటే దానిలోనే ప్రపోర్షనింగ్ ఉంటుంది, రెండూ వరుసగా పెట్టకండి. మొదట కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయాలి: గంటకు 35 మైళ్ల వేగం నుంచి 5 మైళ్లకి, అరనిమిషం విరామంతో పదిసార్లు, పూర్తిగా ఆపకుండా. వాల్వ్‌ని వెనక ఒత్తిడి కనిష్ఠంగా ఉండేలా తిప్పండి. పొడిగా, ఖాళీగా ఉన్న స్థలంలో 30 మైళ్ల వేగంతో గట్టిగా తొక్కండి, బయట ఒకరు చక్రాలు చూడాలి. సగం సగం చుట్టు చొప్పున వెనక ఒత్తిడి పెంచుతూ, వెనక చక్రాలు ముందువాటికన్నా ముందు పట్టేసిన చోట ఆగి, ఒక చుట్టు తగ్గించండి. పొడి నేల మీద బండి ముక్కు బాగా కిందికి వంగి వెనక తేలికవుతుంది కాబట్టి, అక్కడ సరిపోయింది వానలో కూడా సరిపోతుంది. టాప్ పైకి వేసి, డిక్కీ ఖాళీ చేసి, పెట్రోలు తక్కువున్నప్పుడే చేయండి. ఈ బండిలో 16 గాలన్ల ట్యాంకు వెనక చక్రాలకు వెనకే ఉంటుంది. నిండా ఉన్నప్పుడు సర్దితే ఖాళీ అయ్యాక వెనక జారుతుంది.

అభ్యాసం: స్టీరింగ్ అంచు నుంచి పెడల్ దాకా టేపుతో మూడు కొలతలు రాయండి: వదిలేసినప్పుడు, బ్రేకు పట్టడం మొదలైనప్పుడు, గట్టిగా అదిమినప్పుడు. ఖాళీ స్థలంలో వెనక్కి మెల్లగా వెళ్తూ పదిసార్లు ఆపి మళ్లీ కొలవండి. రెండో కొలత తగ్గాలి లేదా అలాగే ఉండాలి. పెరిగితే రెండు డ్రమ్ములూ విప్పి, అడ్జస్టర్ స్క్రూలు చేతిలోకి తీసుకుని మరల దిశ చూసి, మళ్లీ బిగించి ఈ కొలతలన్నీ మొదటి నుంచి తీయండి.